పొద్దు పోదు గానీ ఏళ్ళు మాత్రం ఆగవు

తిరుపతి జిల్లా ఎప్పుడు వచ్చిందో ఫోను చూడకుండా చెప్పమని మీ ఇంట్లో పెద్దోళ్ళని ఒకసారి అడిగి చూడండి. "మొన్నే కదబ్బా, ఏడాదో రెండేళ్ళో అయుంటాది" అనే జవాబే జాస్తి వస్తాది. వచ్చింది 2022 ఏప్రిల్ 4న. స్వర్ణముఖి పొంగి తిరుపతి వీధులన్నీ ఏర్లయిపోయిన ఆ వాన కూడా అంతే, 2021 నవంబర్‌ది అని తేదీ చెప్తే "అప్పుడే అన్నేళ్ళు అయిపోయినాయా" అని నోరు తెరుస్తారు. ఆ వెంటనే వచ్చే మాట మనకి తెలిసిందే. ఏందో ఈ మధ్య సంవత్సరాలు గాలికి కొట్టుకుపోతా ఉండాయి, ఉగాది అయిందనుకుంటే వినాయక చవితి, చవితి అయిందనుకుంటే సంక్రాంతి, మా చిన్నప్పుడు ఒక్క ఎండాకాలం సెలవులే ఎంత పొడుగు ఉండేవో అని.

జరిగిపోయిన సంగతి ఇట్ల ఉన్నదాని కంటే దగ్గరగా అనిపించడాన్ని సైకాలజీలో టెలిస్కోపింగ్ అంటారు. వయసు పైబడే కొద్దీ కాలం పరిగెత్తినట్టు ఉండేది దీనివల్లే అని చాలామంది అనుకుంటారు గానీ అది నిలబడలేదు, ఎందుకంటే ఈ తప్పు ఇరవై ఏళ్ళ కుర్రోళ్ళు కూడా బాగానే చేస్తారు. కాబట్టి వేరే కారణం వెతకాలి. వెతికినోళ్ళు చాలామందే ఉండారు, నూటయాభై ఏళ్ళ నుంచి వెతకతానే ఉండారు, వాళ్ళు చెప్పినవాటిలో కొన్ని వినడానికి బ్రహ్మాండంగా ఉంటాయి గానీ లోపల సరుకు తక్కువ, కొన్ని వినడానికి చప్పగా ఉంటాయి గానీ నా లెక్కలో నిజం అక్కడే ఉంది.

బ్రహ్మాండంగా ఉండేదాంతోనే మొదలుపెడదాం. ఫ్రాన్స్‌లో పాల్ జానే అనే ఫిలాసఫర్ 1877లో చెప్పిన లెక్క ఇది. పదేళ్ళ పిల్లోడికి ఒక ఏడాది అంటే వాడు బతికినదాంట్లో పదో వంతు, అదే యాభై ఏళ్ళాయనకి యాభయ్యో వంతు, ముక్క చిన్నదైపోయింది కాబట్టి ఏడాది కూడా చిన్నదిగా అనిపిస్తాది, అంతే. ఈ లెక్కని ఇంకొంచెం ముందుకి లాగితే భలే తమాషాగా ఉంటాది. అయిదు నుంచి పదేళ్ళ దాకా ఎంత పొడుగు అనిపిస్తాదో పది నుంచి ఇరవై దాకా అంతే, ఇరవై నుంచి నలభై అంతే, నలభై నుంచి ఎనభై కూడా అంతే. అంటే అయిదేళ్ళప్పుడు మొదలుపెట్టి ఎనభై ఏళ్ళు బతికేటోడికి, మనసులెక్క ప్రకారం సగం జీవితం ఇరవై ఏళ్ళకే ఖతం. డిగ్రీ చేతికి రాకముందే! వాట్సాప్‌లో ఈ లెక్క తిరగతానే ఉంటాది, చూసిన ప్రతిసారీ గుండె ఒకసారి గుభేల్‌మంటాది.

కానీ నిదానంగా ఆలోచిస్తే ఇందులో పెద్ద బొక్క ఉంది. టీ అంగడి దగ్గర నిలబడి ఈ నెల తొందరగా అయిపోయిందే అనుకునేటప్పుడు, ఎవరన్నా తను పుట్టినప్పటినుంచి గడిపిన నెలలన్నీ కూడి దాంతో భాగిస్తారా ఏంది. పైగా ఈ లెక్క నిజమైతే ఏడాది ఒక్కటే కాదు, గంటా నిమిషం కూడా వయసుతో పాటే కుంచించుకుపోవాల. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో వచ్చే యాభై ఏళ్ళ మనిషికి, పక్కన కిటికీ దగ్గర కూర్చున్న పదేళ్ళ పిల్లోడికి అనిపించినదాంట్లో అయిదో వంతే ప్రయాణం అనిపించాల. ఎండలో పాకాల దాటేసరికి ఎవరికి ఎట్లుంటాదో బస్సెక్కిన అందరికీ తెలుసు. అమెరికా సైకాలజిస్టు విలియం జేమ్స్ 1890లో రాసిన పుస్తకంలో జానే లెక్కని ఎత్తి చెప్పి, ఇది జరిగేదాన్ని సుమారుగా చెప్తాది గానీ ఎందుకు జరగతాదో చెప్పదు అని అక్కడే పక్కన పెట్టేసినాడు. ఆయన మాట ఏందంటే, చిన్నతనంలో గంటగంటకీ ఏదో ఒక కొత్త సంగతి తగలతాది, అది లోతుగా నాటుకుంటాది, పెద్దయ్యే కొద్దీ ప్రతిదీ అలవాటైపోయి రోజులూ వారాలూ జ్ఞాపకంలో నున్నగా అయిపోతాయి, పట్టుకోవడానికి ఏమీ మిగలదు అని. నూట ముప్పై ఏళ్ళు దాటినా ఇప్పటికీ జాస్తి మంది నమ్మేది ఈ మాటనే.

సరే, వీళ్ళందరూ కుర్చీలో కూర్చొని ఆలోచించినోళ్ళు. జనాన్ని నిజంగా అడిగితే ఏమొచ్చింది? 2005లో మార్క్ విట్‌మన్, సాండ్రా లెన్‌హాఫ్ అని ఇద్దరు, జర్మనీ ఆస్ట్రియాల్లో 14 నుంచి 94 ఏళ్ళ వయసున్న 499 మందిని అడిగినారు, మీకు కాలం ఎంత వేగంగా పోతా ఉందీ అని, పోయిన వారం, పోయిన నెల, పోయిన ఏడాది, పోయిన పదేళ్ళు, ఇట్ల విడివిడిగా. వచ్చింది చూస్తే ఆశ్చర్యమేస్తాది. వయసుతో ఏమీ సంబంధం లేకుండా అందరూ తొందరగానే పోతా ఉందన్నారు. ఇంటర్ చదివే వయసోళ్ళు కూడా! వారం గురించి, నెల గురించి అడిగితే ముసలోళ్ళకీ కుర్రోళ్ళకీ చెప్పుకోదగ్గ తేడానే లేదు. తేడా గట్టిగా కనపడింది "పోయిన పదేళ్ళు" అన్న ప్రశ్న దగ్గరే, అదీ మనం అనుకునేంత పెద్దది కాదు. తర్వాత విలియం ఫ్రీడ్‌మన్, స్టీవ్ జాన్సెన్ కలిసి 2010లో వేరే దేశాల్లో అడిగితే కూడా అదే కథ, పదేళ్ళ ప్రశ్న దగ్గర తప్ప మిగతావాటిలో వయసు తేడా చాలా కొంచెం.

ఇది తెలిసినాక మన ప్రశ్నే మారిపోతాది. వయసొచ్చేకొద్దీ కాలం వేగంగా పోతాది అని ఊరికే అనేస్తాము గానీ, పోయేటప్పుడు వేగంగా పోతా ఉందా, పోయినాక వెనక్కి తిరిగి చూస్తే అట్ల కనపడతా ఉందా? ఈ రెండూ ఒకటి కాదు. తిరుపతిలో పుట్టినోళ్ళకి దీన్ని అర్థం చేయించడం మహా సులువు, వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చోనోళ్ళు ఎవరుంటారు కనక.

రద్దీ రోజు సర్వదర్శనానికి పోయినారనుకోండి. లైను శిలాతోరణం దాకా వచ్చేసి ఉంటాది, అదంతా దాటి కంపార్ట్‌మెంట్‌లోకి పోయి కూర్చుంటే అసలు కథ అప్పుడు మొదలు. ఫోను లేదు, డిపాజిట్ చేసేసినాము. తలుపు ఎప్పుడు తీస్తారో తెలీదు. గోడ మీద గడియారం ఉంటే అదొక శిక్ష, లేకపోతే ఇంకో శిక్ష. ఉప్మానో సాంబారన్నమో వస్తాది, పాలు వస్తాయి, పిల్లోళ్ళు ఏడస్తారు, పక్క కంపార్ట్‌మెంట్ తలుపు తీస్తే గోవిందా అని అరుపులు వినపడతాయి, మనోళ్ళు అందరూ లేచి నిలబడి మళ్ళా కూర్చుంటారు. ఒక్కో గంట ఒక్కో యుగం. ఆ తర్వాత వెండివాకిలి, బంగారువాకిలి, జయవిజయులు, స్వామి కనపడీ కనపడకముందే "జరగండి జరగండి", చేయి పట్టి లాగేస్తారు, అంతే, బయటికొచ్చేసినాము. గడియారంలో చూస్తే పట్టుమని పది సెకన్లు ఉంటాదో ఉండదో.

ఇప్పుడు ఆర్నెల్లు పోయినాక గుర్తు చేసుకోండి. కంపార్ట్‌మెంట్‌లో గడిపిన గంటలన్నీ నలిగి నలిగి "శానా సేపు కూర్చున్నాం" అనే ఒక్క ముక్క అయిపోయి ఉంటాయి, ఏ గంటలో ఏం జరిగిందో ఒక్కటీ రాదు. ఆ పది సెకన్లు మాత్రం నామం, కళ్ళు, దీపం వెలుగు, పక్కనున్న ముసలామె ఏడుపు, అన్నీ విడివిడిగా ఉంటాయి. పోయేటప్పుడు పొడుగైంది పోయినాక పొట్టిదైపోయింది, పోయేటప్పుడు రెప్పపాటు అనిపించింది పోయినాక సాగిపోయింది.

లోపల జరిగేది ఏందంటే, కాలం గడుస్తా ఉన్నప్పుడు మనం దాని మీద ఎంత దృష్టి పెడితే అంత పొడుగు అనిపిస్తాది. డాన్ జకాయ్, రిచర్డ్ బ్లాక్ అనే పరిశోధకులు దీన్ని బాగా పని చేసి చూపించినారు. చేతిలో పని ఉంటే దృష్టంతా పని మీద, గంట ఎట్ల పోయిందో తెలీదు. పని లేకపోతే దృష్టంతా కాలం మీదే, ప్రతి నిమిషమూ లెక్కకొస్తాది. పోయిన కాలాన్ని తలుచుకునేటప్పుడు మాత్రం ఈ లెక్క ఎక్కడా ఉండదు, మెదడులో గంటలు కొలిచి రాసిపెట్టిన చిట్టా లాంటిది ఏదీ లేదు. ఎన్ని సంగతులు గుర్తుకొస్తా ఉండాయి, అవి ఎంత వేరువేరుగా ఉండాయి అనేదాన్ని బట్టి మెదడు ఒక అంచనా కడతాది, అంతే. గంట, పూట, రోజు అనేవి మనం గడిచేటప్పుడే అనుభవించగలం. పదేళ్ళని ఎవరూ అట్ల అనుభవించలేరు, తలుచుకోవడం ఒక్కటే దారి. అందుకే విట్‌మన్ ప్రశ్నల్లో పదేళ్ళ దగ్గరే వయసు బయటపడింది అని నేను అనుకుంటాను.

జ్ఞాపకం ఈ పని ఎట్ల చేస్తాదో తెలియాలంటే మన గంగజాతర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మే నెలలో వారం రోజుల పైన జరిగే ఈ జాతరలో చాటింపు అయినాక రోజుకో వేషం. బైరాగి వేషం రోజు ఒళ్ళంతా తెల్లగా సుద్ద, బండ వేషం రోజు ఎర్రగా కుంకుమ, తోటి వేషం రోజు నల్లగా బొగ్గు, దొర వేషం రోజు గంధం. మామూలు రోజుల్లో నోరు తెరిస్తే వీపు పగలగొట్టే ఇంట్లోనే, ఆ రోజుల్లో వేషమేసుకొని వీధిలో బూతులు తిట్టొచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఎనిమిదేళ్ళ పిల్లోడికి ఇంతకంటే ఏం కావాల. ఆ వారం వాడి జ్ఞాపకంలో ఒక్క వారంగా ఉండదు, తెల్ల రోజు, ఎర్ర రోజు, నల్ల రోజు, ఒక్కోటీ ఒక్కో రంగుతో వేరేగా ఉంటాది, అందుకే ఎంతో పొడుగుగా ఉంటాది. అదే పిల్లోడు నలభై అయిదేళ్ళ మనిషై అంగట్లో కూర్చొని ఉంటే, వేషాలోళ్ళు వస్తే చిల్లర ఇచ్చి, ట్రాఫిక్ డైవర్షన్ ఎప్పుడు తీస్తారా అని చూసుకుంటా ఉంటాడు. జాతర వచ్చింది, పోయింది. జాతరలో ఏమీ తగ్గలేదు, ఈయనకి అందులో కొత్తది ఏదీ లేదు.

ల్యాబుల్లో దీన్ని చిన్న స్థాయిలో చూపించినారు. స్క్రీన్ మీద ఒకే బొమ్మని మళ్ళీ మళ్ళీ చూపించి మధ్యలో ఒక వేరే బొమ్మ పెడితే, అన్నీ సరిగ్గా అంతే సేపు ఉన్నా, ఆ వేరే బొమ్మే జాస్తి సేపు ఉన్నట్టు జనం చెప్తారు. చూసిందే చూస్తే మెదడు దానికోసం పెద్దగా కష్టపడదు, తెలియనిది కనపడితేనే లేచి కూర్చుంటాది.

యాక్సిడెంట్ అయినప్పుడు అంతా స్లో మోషన్‌లో జరిగినట్టు ఉండింది అని చెప్తారు చూడండి, దాని మీద డేవిడ్ ఈగిల్‌మన్ వాళ్ళ టీమ్ 2007లో ఒక పిచ్చి ప్రయోగం అచ్చేసినారు. మనుషుల్ని 31 మీటర్ల ఎత్తునుంచి వెల్లకిలా కిందికి వదిలేసినారు, కింద వల ఉంటాది లెండి. చేతికి ఒక చిన్న స్క్రీను కట్టినారు, అందులో అంకెలు ఎంత వేగంగా మారతా ఉంటాయంటే మామూలుగా అయితే చదవలేము. కాలం నిజంగా మెల్లగా కనపడేటట్టైతే, పడేటప్పుడు ఆ అంకెలు చదవగలగాల కదా. చదవలేకపోయినారు. కానీ దిగినాక ఎంత సేపు పడ్డారని అడిగితే, వేరేవాళ్ళు పడినప్పుడు ఎంత సేపు పట్టిందనుకున్నారో దానికంటే సుమారు 36 శాతం జాస్తి చెప్పినారు. అంటే ఆ క్షణంలో చూపేమీ మారలేదు, భయంలో జ్ఞాపకం దట్టంగా పడింది, దట్టంగా పడినది వెనక్కి చూస్తే పొడుగైంది. 2003 అక్టోబర్ 1న అలిపిరి దగ్గర చంద్రబాబు కాన్వాయ్ మీద మైన్లు పేలిన రోజు తిరుపతిలో ఉన్నోళ్ళని అడగండి, వార్త తెలిసినప్పుడు యాడ ఉండారో, ఎవరు చెప్పినారో, ఆ సాయంత్రం ఏం చేసినారో చెప్పుకుంటా పోతారు. ఆ వారంలో ముందు రోజు ఏం చేసినారు అంటే మాత్రం ఒక్క ముక్క రాదు.

దీనికి పూర్తిగా అవతలి కొస చూడాలంటే మిషెల్ సిఫ్ర్ కథ తెలుసుకోవాల. ఫ్రాన్స్ ఆయన, గుహల మీద పని చేసేటోడు, 1962లో ఇరవై మూడేళ్ళప్పుడు ఆల్ప్స్ కొండల్లో స్కరాసన్ అనే గుహలోకి వాచీ లేకుండా దిగినాడు. ఎండ లేదు, పగలు రాత్రి లేదు, గడ్డకట్టే చలి. లేచినప్పుడు, తిన్నప్పుడు, పడుకునేటప్పుడు పైనున్నోళ్ళకి ఫోన్ చేసి చెప్తాడు, వాళ్ళు మాత్రం టైమ్ చెప్పకూడదు. జులై 16న దిగినాడు, సెప్టెంబర్ 14న అయిపోయింది రా అంటే నమ్మలేదు, ఆయన లెక్కలో ఇంకా ఆగస్టు 20. ఇరవై అయిదు రోజులు మాయం! మధ్యలో ఒక పరీక్ష పెట్టినారు, సెకనుకి ఒకటి చొప్పున 120 దాకా లెక్కపెట్టమని, ఆయనకి దానికి అయిదు నిమిషాలు పట్టింది. ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా లేనప్పుడు వెనక్కి చూస్తే రెండు నెలలు అయిదు వారాలైపోయినాయి. ఆఫీసు, ఇల్లు, ఆఫీసు, ఇల్లు అని తిరిగేటోళ్ళు ఎండలోనే ఉంటారు గానీ, లెక్క ఇంచుమించు ఇట్లనే చెడుతాది.

నలభై దాటినోళ్ళని జీవితంలో ముఖ్యమైన సంగతులు చెప్పమంటే పది నుంచి ముప్పై ఏళ్ళ మధ్యవే ఎక్కువగా చెప్తారని కూడా చాలా పరిశోధనల్లో తేలింది. మొదటి సైకిల్, టెన్త్ రిజల్ట్, ఎస్వీ యూనివర్సిటీ హాస్టల్, మొదటి జీతం, పెళ్ళి, మొదటి బిడ్డ, మొదటిసారి జరిగేవన్నీ ఆ వయసులోనే కుప్పగా ఉంటాయి మరి.

ఇంతదాకా చెప్పినది బాగానే ఉంటాది, అందుకే కాలాన్ని నెమ్మది చెయ్యాలంటే కొత్త పనులు చెయ్యండి, కొత్త ఊర్లు తిరగండి, గిటార్ నేర్చుకోండి అని సలహాలు. నాకు ఇక్కడే కొంచెం మంట. ఫ్రీడ్‌మన్ జాన్సెన్ వాళ్ళ ఫలితాల్లో అందరూ దాటేసిపోయే ముక్క ఒకటుంది. ఏళ్ళు పరిగెత్తుతా ఉండాయి అన్నోళ్ళల్లో గట్టిగా కనపడింది టైమ్ చాలకపోవడం. చెయ్యాలనుకున్న పనులకి టైమ్ లేదు, ఎప్పుడూ ఏదో ఒకటి మిగిలిపోతానే ఉంటాది, ఎప్పుడూ వెనకబడే ఉంటాము అని చెప్పినోళ్ళకే కాలం జాస్తి వేగం. వయసు కంటే ఇదే ముఖ్యం అని వాళ్ళు తేల్చినారు. జ్ఞాపకం కథ అంత రుచిగా ఉండదు ఇది, అందుకే ఎవరూ షేర్ చెయ్యరు.

నలభైల్లో ఉన్న ఇల్లాలి ఒక ఏడాది తీసుకోండి. మొబ్బుతో లేస్తే టిఫిన్, క్యారేజీలు, స్కూల్ ఆటో, డ్యూటీ, సాయంత్రం ట్యూషన్, అత్తగారి షుగర్ మాత్రలు, జూన్‌లో ఫీజులు, ఆ ఫీజుకి పెట్టిన నగలు విడిపించాల్సింది సంక్రాంతికి, మధ్యలో చుట్టాలు దర్శనానికి వస్తే వాళ్ళకి బస, భోజనం. తిరుపతిలో ఇల్లు ఉంటే చుట్టాలకి కరువా. ఈమె జీవితంలో కొత్త సంగతులు లేవని ఎవరంటారు, రోజుకో కొత్త తలనొప్పి ఉంటాది. లేనిది ఒక పని ముగించి, అయిపోయింది అని ఊపిరి పీల్చుకునే తీరిక. తల ఎప్పుడూ తర్వాతి పని మీదే ఉంటే ముందున్నది సరిగ్గా నాటుకోదు, నాటుకోనిది తర్వాత గుర్తుకి రాదు. కాబట్టి ఈ తొందర, ఆ జ్ఞాపకం, రెండూ వేరువేరు కారణాలు కాదు, ఒకదాని చేయి ఒకటి పట్టుకొని పోతా ఉంటాయి అని నా నమ్మకం. ఈమెకి గిటార్ క్లాసులో చేరమని సలహా ఇస్తే ఏ గరిటె తీసుకుంటాదో చెప్పలేము.

ఇంకో వైపు మా అవ్వ లాంటోళ్ళు ఉండారు. మధ్యాహ్నం ఫోన్ చేస్తే "ఏం చేసేది నాయనా, పొద్దే పోదు" అంటాది, అదే నోటితో "నీ పెండ్లి నిన్న చేసినట్టు ఉండాది, అప్పుడే నీ కొడుకు ఆరో తరగతా" అంటాది. రెండూ నిజమే. ఆమె మధ్యాహ్నం కంపార్ట్‌మెంట్ లోపలి గంట, ఆమె పదేళ్ళు ఆర్నెల్ల తర్వాత గుర్తొచ్చే కంపార్ట్‌మెంట్. సిల్వీ ద్రువా వోలే, జాన్ వేర్డెన్ అనేవాళ్ళు 2015లో, కుర్రోళ్ళకీ పెద్దోళ్ళకీ రోజులో అప్పుడప్పుడూ ఫోన్ మోగేటట్టు పెట్టి, ఇప్పుడు ఈ క్షణం కాలం ఎట్ల పోతా ఉంది అని అడిగి చూసినారు. వయసు తేడా ఏమీ రాలేదు. సంతోషంగా ఉండారా దిగులుగా ఉండారా, చేసే పని మీద మనసు ఉందా లేదా, దాన్ని బట్టే వేగం మారింది.

లాక్‌డౌన్ అప్పుడు ఇది ఇంకా బాగా బయటపడింది. 2020 మార్చి నుంచి జూన్ దాకా కొండ మీద దర్శనాలే ఆగిపోయి, రైల్వే స్టేషన్ ముందర కూడా మనిషి కనపడని తిరుపతిని మనం చూసినాము. అప్పుడే ఏప్రిల్‌లో బ్రిటన్‌లో రూత్ ఓగ్డెన్ 604 మందిని అడిగితే 80 శాతానికి పైగా మాకు కాలం మామూలుగా పోవడం లేదు అన్నారు, కొందరికి వేగం, కొందరికి నెమ్మది. నెమ్మది అన్నోళ్ళల్లో వయసు మళ్ళినోళ్ళు, టెన్షన్‌లో ఉన్నోళ్ళు, పని తగ్గిపోయినోళ్ళు, మనుషులతో మాటామంతీ సరిగ్గా లేనోళ్ళు ఎక్కువ. వయసొస్తే కాలం పరిగెత్తుతాది అనేది నియమమే అయితే, పెద్దోళ్ళకి ఇట్ల తిరగబడకూడదు కదా.

ఒళ్ళు సంగతి కూడా కొంచెం చెప్పి ముగిస్తాను, ఎందుకంటే శరీరంలోనే ఒక గడియారం ఉంది, అది వయసుతో నెమ్మదిస్తాది అనే వాదన ఒకటి చాలాకాలంగా ఉంది. దీని పుట్టుక తమాషాగా ఉంటాది. హడ్సన్ హోగ్లండ్ అనే అమెరికా శాస్త్రవేత్త భార్యకి ఫ్లూ జొరమొచ్చింది, ఆయన మందుల అంగడికి పోయి కాసేపటికే వస్తే ఇంతసేపు యాడికి పోయినావు అని ఆమె కోప్పడింది. వేరే మొగుడైతే సారీ చెప్పేసి ఊరుకుండేటోడు, ఈయన స్టాప్‌వాచ్ తెచ్చి మనసులో అరవై లెక్కపెట్టమన్నాడు. జొరం పెరిగే కొద్దీ ఆమె నిమిషం పూర్తికాకముందే అరవై అనేసేది. ఒళ్ళు వేడెక్కితే లోపలి గడియారం వేగంగా కొట్టుకుంటాది, అప్పుడు బయట కాలం నెమ్మదిగా అనిపిస్తాది అని 1933లో అచ్చేసినాడు. మెదడు కణాలు ఒకదానికొకటి కబురు చెప్పుకునే డోపమిన్ అనే రసాయనాన్ని పెంచే మందులు ఇస్తే ఈ గడియారం వేగం పెరగతాది, అడ్డుకునే మందులిస్తే తగ్గతాది అని తర్వాత జంతువుల మీద చూసినారు. వయసుతో మెదడులో డోపమిన్ పని తగ్గతా వస్తాది కాబట్టి పెద్దోళ్ళ గడియారం నిదానిస్తాది, అప్పుడు బయట కాలం పరిగెత్తినట్టు అనిపిస్తాది అని లెక్క. డ్యూక్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బెజాన్ అనే ఇంజినీరింగ్ ప్రొఫెసర్ 2019లో ఇంకోటి చెప్పినాడు, వయసొస్తే కళ్ళు కదిలే వేగం, నరాల్లో సిగ్నల్ పోయే వేగం తగ్గి రోజుకి మెదడుకి చేరే బొమ్మలే తగ్గిపోతాయి అని. వాదన అందంగానే ఉంది గానీ అది వాదనే, ఎవరి మీదా కొలిచి చూపించింది కాదు.

కొలిచినోళ్ళల్లో పీటర్ మాంగన్ పేరు చెప్పాల. 1996లో ఆయన మూడు నిమిషాలు మనసులో లెక్కపెట్టుకొని అయిపోగానే చెప్పమన్నాడు. 19 నుంచి 24 ఏళ్ళోళ్ళు సగటున 3 నిమిషాల 3 సెకన్లకి చెప్పినారు, 60 నుంచి 80 ఏళ్ళోళ్ళు 3 నిమిషాల 40 సెకన్లకి. పరీక్ష చిన్నదే, దీన్ని పట్టుకొని పదేళ్ళు ఎందుకు ఎగిరిపోతాయో చెప్పేయలేము, సెకన్లు కొలిచేది వేరు, ఏళ్ళు తలుచుకునేది వేరు అని పైన అంతా చెప్పుకున్నదే. కానీ ఇంట్లో చేసి చూడడానికి మాత్రం బలే ఉంటాది. రాత్రి భోజనాలయినాక తాతని, మనవడిని కళ్ళు మూసుకొని మూడు నిమిషాలు మనసులో లెక్కపెట్టమనండి, గోడ గడియారం టిక్కుటిక్కు వినపడకుండా బ్యాటరీ తీసేయండి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ మీ చేతిలో ఉంచుకోండి. ఒక్కొక్కరిని విడివిడిగా చేయించండి, లేకపోతే ఒకరు చెప్పగానే ఇంకొకరు చెప్పేస్తారు. ఒక్కసారికే తాతది స్లో అని తేల్చేయొద్దు, తలా నాలుగైదు సార్లు చేయించి సగటు తీయండి, అప్పుడే కాఫీ తాగినోళ్ళనీ జొరంతో ఉన్నోళ్ళనీ మాత్రం కూర్చోబెట్టొద్దు.